వేసవి సెలవునకు విడిది: సిమ్లాలో పేట ఎన్నిక

(సంఘ సభ్యుల కుటుంబ సమావేశములో చేసిన ఉపన్యాసపాఠము)



ప్రభుత్వోద్యోగి సెలవునకు రెండు రూపములు కలవు. ఒకటి సేవాపుస్తకములో అంకెలుగా ఉండునది. రెండవది శరీరమునకును మనస్సునకును దక్కునది. మొదటిదానికి నియమములు కలవు. 1972 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల సెలవు నియమముల ప్రకారము ఉద్యోగికి ఏటా 30 దినముల ఆర్జిత సెలవు జమ యగును. జనవరి మొదటి తేదిని సగము, జూలై మొదటి తేదిని సగము చేరును. ఇట్లు 300 దినముల వరకు కూడబెట్టుకొనవచ్చును. రెండవదానికి నియమము లేదు. దానిని ఎవరికి వారే సమకూర్చుకొనవలెను.

విశ్వవిద్యాలయములలో ఆచార్యులకు కొన్ని యేండ్ల బోధన తరువాత 'సబాటికల్' అను విరామము లభించును. సచివాలయములో అట్టిది లేదు. అధ్యయన సెలవు కలదు గాని అది చదువునకు ఇచ్చునది, విశ్రాంతికి కాదు. కావున తన ఆర్జిత సెలవులోనుండి ఒక నలుబది దినములు తీసి, దానినే తన విరామముగా చేసికొనుట తప్ప సచివాలయోద్యోగికి వేరు దారి లేదు. పెక్కుమంది ఆ పని చేయరు. పదవీ విరమణ నాడు రొక్కముగా మారును గదా యని 300 దినములను భద్రముగా దాచుదురు. దాచుట తప్పు కాదు. ఆడపిల్ల పెండ్లియో, ఇంటి అప్పో ఎదుట నుండును. కాని ఆ రొక్కము చేతికి వచ్చునాటికి కొండ ఎక్కవలసిన కాళ్ళు సడలియుండును. వెంట తీసికొనిపోవలసిన తల్లిదండ్రులు ఉందురో లేదో చెప్పజాలము. ఈ లెక్క ఏ సేవాపుస్తకములోను కనబడదు.

సెలవు పెట్టినవారైనను దానిని ఎట్లు గడుపుచున్నారో చూడుడు. మూడు దినములకు సిమ్లా పోవుదురు. బాడుగ కారులో కుఫ్రీ వెళ్ళి గుఱ్ఱము మీద ఛాయాచిత్రము తీయించుకొందురు. ఒక సాయంకాలము మాల్ రోడ్డు మీద జనసమ్మర్దములో నడచి, ఐస్‌క్రీము తిని, నాలుగవనాడు ఢిల్లీకి వచ్చి, అలసట తీరుటకు మరియొక దినము సెలవు కోరుదురు. ఇది ప్రయాణము గాని విశ్రాంతి కాదు. విశ్రాంతి కావలెనన్నచో ఒక ఊరికి పోవుట చాలదు. ఆ ఊరిలో ఒక పేటలో కాపురముండవలెను. ఏ పేటలో ఉండవలెననునదే నేటి విషయము.

ఉదాహరణకు రామకృష్ణపురములో ప్రభుత్వ గృహమందు నివసించు ఒక తెలుగు సంసారమును మనస్సులో ఉంచుకొనుడు. ఇంటి యజమాని యేబదేండ్ల సెక్షన్ ఆఫీసరు. ఆయన ఖాతాలో 280 దినముల సెలవున్నది. ఇల్లాలు, తొమ్మిదవ తరగతి చదువు కుమార్తె, నరసాపురమునుండి వచ్చి కొడుకు కడనున్న డెబ్బదినాలుగేండ్ల తల్లి. ఆమె కొన్నియేండ్ల క్రిందటివరకు మలైమందిరము మెట్లన్నియు ఎక్కి స్వామిని దర్శించుకొనెడిది. ఇప్పుడు మోకాళ్ళ నొప్పి. క్రిందనే అరుగు మీద కూర్చుండి చేతులు జోడించి వచ్చుచున్నది. చదునైన నేల మీద దినమునకు అరగంట నడువుమని వైద్యుడు చెప్పినాడు. మే నెలలో ఢిల్లీలో ఆ అరగంట ఎక్కడ దొరకును? ఉదయము ఎనిమిది గంటలనుండి సాయంకాలము ఏడు గంటలవరకు తలుపులు మూసికొని కూర్చుండుటయే. నడవనికొలది మోకాళ్ళు బిగుసుకొనును. బిగుసుకొనినకొలది నడక మానును. రెండు వేసవులు ఇట్లు గడచినచో ఆమె ఇక వీధి గుమ్మము దాటదు.

ఈ సంసారములో నలుగురికి నాలుగు కోరికలు. యజమానికి నిశ్శబ్దము కావలెను. ఇల్లాలికి పొయ్యినుండి విముక్తి కావలెను. పిల్లకు మనుష్యులు, అంగళ్ళు కావలెను. తల్లికి కావలసినది మిక్కిలి స్వల్పము: ఎవరి చేయియు పట్టుకొనకుండ, ఎవరిని అడుగకుండ, తానొక్కతెయే బయటికి పోయి తిరిగి రాగలుగుట. చెప్పవలసినది ఇంతే. నలుగురిలో బలహీనమైన కాళ్ళు ఎవరివో చూచి, ఆ కాళ్ళ కొలతతో పేటను ఎన్నుకొనవలెను. తక్కిన ముగ్గురి కోరికలు దాని వెంబడి తీరగలవు. కొలత తలక్రిందులైనచో, కిటికీలోనుండి మంచుకొండలు కనబడు ఇల్లు దొరికినను తల్లి నలుబది దినములు ఆ కిటికీ యొద్దనే కూర్చుండును. ఢిల్లీ గదికి బదులు సిమ్లా గది యగును, అంతియే.

ఇన్ని కొండ ఊళ్ళుండగా సిమ్లాయే ఎందులకని అడుగవచ్చును. సిమ్లాకును ప్రభుత్వ కార్యాలయములకును పాత చుట్టరికము కలదు. 1864లో వైస్రాయి జాన్ లారెన్సు కాలమున అది వేసవి రాజధాని యైనది. నాటినుండి ఎండలు ముదురగానే దస్త్రములు, గుమాస్తాలు, వారి పెట్టెబేడలు మొదట కలకత్తానుండి, తరువాత ఢిల్లీనుండి కొండ ఎక్కెడివి. మద్రాసు ప్రభుత్వమును ఇట్లే వేసవిలో ఉదకమండలమునకు తరలుచుండెను గనుక, ఈ వలస ఆనాటి తెలుగు ఉద్యోగులకును క్రొత్త కాదు. 1903 నవంబరు 9న కాల్కానుండి చిన్న రైలు వచ్చినది. పట్టాల నడుమ వెడల్పు 762 మిల్లీమీటర్లు మాత్రమే. 96 కిలోమీటర్ల దారిలో నూటికి పైగా సొరంగములు, ఎనిమిది వందలకు పైగా వంతెనలు. 2008లో యునెస్కోవారు దానిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిరి. సుమారు ఐదు గంటల ఆ ప్రయాణములో శరీరము ఎత్తునకు మెల్లమెల్లగా అలవాటు పడును. అది వృద్ధులకు ఒక మేలు.

రెండవ కారణము ముఖ్యమైనది. సిమ్లా కాలినడక కొరకు ఏర్పడిన పట్టణము. సముద్రమట్టమునకు సుమారు 2,200 మీటర్ల ఎత్తున, పడమటినుండి తూర్పునకు వంకరటింకరగా సాగిన ఒక కొండవీపు మీద అది కూర్చున్నది. ఆ వీపు వెంబడి పోవు మాల్ రోడ్డు మీద సామాన్యుల కార్లు తిరుగరాదు. 2007 నాటి రాష్ట్ర శాసనము ప్రకారము కొన్ని దారులు బండ్లకు పూర్తిగా మూసినవి. మరికొన్ని దారులలో అనుమతి యున్న బండ్లే పోవలెను. క్రిందనున్న కార్టు రోడ్డునుండి మాల్ రోడ్డునకు ఎక్కుటకు లిఫ్టు కలదు. దేశములో పెద్ద పట్టణముల యందు కారు హారను వినకుండ ఒక మైలు నడువగల చోట్లు ఎన్ని యున్నవో లెక్కించి చూచుకొనుడు.

అయినను సిమ్లా అంతయు ఒక్కటి కాదు. కొండ ఊరిలో నూరు గజముల దూరమనగా అడ్డముగా నూరు గజములా, నిలువుగా నూరు గజములా యని అడుగవలెను. పటములో రెండును ఒకటే. మోకాళ్ళకు ఒకటి కాదు. కావున ప్రతి పేటను మూడు ప్రశ్నలతో పరీక్షింపవలెను. తిరుగుదారి ఎక్కుడా, దిగుడా? పాలు, కూరలు, మందులు దొరకు అంగడి ఎంత దూరము? బండి ఎక్కకుండ చెట్ల నీడకు పోగలమా? వీనిలో మొదటిదే కఠినమైనది. ఉదయము ఉత్సాహముతో దిగి పోవుట ఎవరికైనను సులువే. చేతిలో సంచితో మధ్యాహ్నము ఎక్కి వచ్చునపుడే పేట స్వభావము బయటపడును.

మొదట మాల్ రోడ్డు, రిడ్జి మైదానము. నడక చదును, అంగళ్ళు, పుస్తకశాలలు, 1887 నాటి గెయిటీ నాటకశాల, పాత క్రైస్తవ దేవాలయము అన్నియు అడుగుల దూరములో నున్నవి. పిల్లకు పండుగ. కాని మే, జూన్ మాసములలో సాయంకాలమైనదన్నచో తిరునాళ్ళే. అద్దెలు ఎక్కువ, నిశ్శబ్దము తక్కువ. ఎస్టేట్సు డైరెక్టరేటువారి విశ్రాంతిగృహములు కొద్ది దినముల బసకు ఉద్దేశించినవి గాని నలుబది దినముల కాపురమునకు కావు. ఇది చూడవలసిన చోటు, ఉండవలసినది కాదు.

మాల్ రోడ్డునకు దిగువ లోయర్ బజారు. కందిపప్పు మొదలు కంబళి వరకు అన్నియు దొరకును. దానికి క్రిందుగా గదులు చౌక. కాని ఆ చవుకదనమును మెట్లతో చెల్లింపవలెను. బజారునుండి గదికి ఎన్ని మెట్లో లెక్కపెట్టకుండ బయానా ఇచ్చినవారు తరువాత ప్రతిదినము లెక్కపెట్టుదురు.

రిడ్జికి పైన జాఖూ కొండ. శిఖరము 2,455 మీటర్లు. దేవదారు వనము, శిఖరాగ్రమున ఆంజనేయస్వామి ఆలయము, 108 అడుగుల విగ్రహము. పైకి తీగమార్గము 2017లో వచ్చినది. పడుచువారికి ఇంతకన్న మంచి చోటు లేదు. కాని దారి నిటారు. కోతులు కళ్ళజోళ్ళను సైతము లాగుకొనిపోవును. కళ్ళజోడు లేకుండ, ఆ వాలు మీద, డెబ్బదినాలుగేండ్ల స్త్రీ ఎట్లు నిలుచును? అక్కడికి ఒకనాడు దర్శనమునకు పోవుట చాలును.

తూర్పున ఛోటా సిమ్లా. రాష్ట్ర సచివాలయము అచ్చటనే యున్నది. ఢిల్లీ దస్త్రములనుండి పారిపోయి వచ్చినవాడు ఉదయము లేవగానే మరల గుమాస్తాల వరుసను చూడవలసివచ్చును. ఇంకను తూర్పున సంజౌలీ. ఇండ్లు ఒకదానిపై నొకటి పేర్చినట్లుండును, బండ్ల రద్దీ హెచ్చు. ప్రధాన వైద్యాలయమైన ఇందిరాగాంధీ వైద్య కళాశాల ఈ తూర్పు వైపుననే యున్నది. హృద్రోగము వంటివి ఉన్నవారు ఆ ఒక్క కారణముననే ఈ వైపును ఎన్నుకొన్నను అది వివేకమే యగును.

మన ఉదాహరణలోని సంసారమునకు పట్టణపు పడమటి కొస తగినది. మాల్ రోడ్డు పడమటగా కాళీబాడి మందిరము క్రిందుగా సాగి, అకౌంటెంటు జనరలు కార్యాలయమును దాటి, శాసనసభ మీదుగా చౌరా మైదానమునకు చేరును. ఆ చెంతనే బాలూగంజ్ బజారు. చిన్న బజారే గాని పాలు, కూరలు, మందులు, దర్జీ, రొట్టెల అంగడి అన్నియు ఉన్నవి. జనసమ్మర్దము ఇంత దూరము రాదు. దారిలో చాలభాగము కొండనడుమును పట్టుకొని పోవునది గనుక ఎక్కుడు దిగుడులు స్వల్పము. పక్కన పిట్టగోడ, కూర్చుండుటకు అదే అరుగు.

చౌరా మైదానమునుండి కొంచెము ఎక్కినచో ఆబ్జర్వేటరీ కొండ. దానిపై 1888లో వైస్రాయి కొరకు పూర్తియైన రాతి భవనము కలదు. దానికి రూపమిచ్చిన హెన్రీ ఇర్విన్ మద్రాసు హైకోర్టు భవన నిర్మాణములోను పాలుగొన్నవాడు గనుక, మద్రాసు చూచిన పెద్దలకు ఆ పనితనము కొంత పరిచితము. 1945 నాటి సిమ్లా సమావేశము అచ్చటనే జరిగినది. స్వాతంత్ర్యానంతరము అది రాష్ట్రపతి నివాసమైనది. అంతటి భవనము ఏడాదికి కొద్ది దినములు మాత్రమే తెరచియుండుట తగదని, దానిని పండితులకు ఇచ్చివేసినవారు రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణగారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఉపాధ్యక్షులుగా ఉండిన ఆయనయే 1965 అక్టోబరు 20న అచ్చట భారతీయ ఉన్నత అధ్యయన సంస్థను ప్రారంభించిరి. నాటినుండి పండితులు వచ్చి, నెలల తరబడి ఉండి, చదివి, వ్రాసి పోవుచున్నారు. విరామమునకు తగిన చోటు ఇదియే యని ఒక తత్త్వవేత్త నిర్ణయించిన తరువాత సచివాలయోద్యోగికి సందేహమెందులకు? తోటయు, భవనములోని కొన్ని గదులును సందర్శకులు టిక్కెట్టుపై చూడవచ్చును.

ఆ కొండ మీద నిలిచినవారికి చెప్పదగిన విషయమొకటి కలదు. ఈ కొండవీపు ఒక జలవిభాజకము. ఒక ప్రక్క పడిన వాన సట్లెజ్ నదిలో చేరి అరేబియా సముద్రమునకు పోవును. మరియొక ప్రక్క పడినది యమునలో కలిసి, గంగ వెంబడి బంగాళాఖాతము చేరును. బంగాళాఖాతమనగానే నరసాపురపు తల్లికి అది తన ఊరి సముద్రము. తొమ్మిదవ తరగతి బాలికకు భూగోళశాస్త్రము ఇంతకన్న బాగుగ ఏ తరగతి గదిలోను పట్టుబడదు.

అచ్చటినుండి ఇంకొక రెండు కిలోమీటర్లు పోయినచో సమ్మర్ హిల్. చిన్న రైలు సిమ్లా చేరుటకు ముందు వచ్చు స్టేషను అదియే. 1970లో స్థాపింపబడిన హిమాచల్ ప్రదేశ్ విశ్వవిద్యాలయము ఇక్కడ నున్నది. విద్యార్థులుండుటచే చౌక భోజనశాలలు, పుస్తకపు దుకాణములు ఉన్నవి. రాజకుమారి అమృతకౌర్ గారి మేనర్‌విల్ అను ఇల్లు ఈ పేటలోనిదే. 1945లో గాంధీమహాత్ముడు అచ్చట బస చేసెను. చుట్టును అడవి, చాడ్విక్ జలపాతమునకు కాలిబాట కలదు. నడువగలవారికి సమ్మర్ హిల్, నడక నేర్చుకొనవలసినవారికి బాలూగంజ్. రెంటికిని నడుమ దేవదారు నీడ.

ప్రకృతి యన్న ఏమో దూరమున నుండునదని కారు కట్టించుకొని పోనక్కరలేదు. ఇక్కడ దేవదారు గుమ్మము ముందుకే వచ్చును. 'బాన్' అను కొండసిందూరపు ముదురాకులు దారి పొడుగున కనబడును. 'బురాంశ్' ఎఱ్ఱపూలు మార్చి, ఏప్రిల్ మాసములవి. మే నెలాఖరున పోవువారికి అవి దొరకవు. దాని బదులు లోయలోనుండి బార్బెట్టు పక్షి అదే పనిగా ఫిర్యాదు చేయుచున్నట్లు కూయుట వినవచ్చును. మొదటి దినము చెట్టన్నచో చెట్టే. పదియవ దినమునకు ఏ చెట్టు ఏదో తెలియును. ఇరువదియవ దినమునకు ఫలానా మలుపులోని చెట్టు మీద ఉదయము ఏ పక్షి వాలునో తెలియును. మూడు దినముల యాత్రికునకు ఇది దొరకదు. ప్రతిదినము అదే దారి నడచుట వలననే ఇది లభించును. ఒక్క జాగ్రత్త: చీకటి పడిన తరువాత ఈ అడవులలో చిరుతలు తిరుగుట కలదు. పిల్లలను ఒంటరిగా పంపరాదు.

ఇక ఇల్లాలి సంగతి. సెలవు యజమానికి మంజూరగును. వంటయింటికి మంజూరు కాదు. ఊరు మారినను పొయ్యి మారదు. పైగా 2,200 మీటర్ల ఎత్తున నీరు సుమారు 93 డిగ్రీలకే మరగును. అందుచేత మూతలేని గిన్నెలో కందిపప్పు ఎంతసేపటికిని ఉడుకదు. ప్రెషర్ కుక్కరు వెంట నుండవలెను. చలికి పెరుగు తోడుకొనుటకు ఎక్కువ కాలము పట్టును. గిన్నెకు కంబళిగుడ్డ చుట్టి ఉంచవలెను. చింతపండు, ఆవకాయ, కందిపొడి ఢిల్లీనుండి తీసికొనిపోవుట మేలు. ఇవి చిన్న సంగతులని నవ్వరాదు; పెద్దవారికి మూడు దినములు మజ్జిగ దొరకకున్న నాలుగవనాడు ప్రయాణము కట్టుమందురు. అయితే ముఖ్యమైనది వేరు. బజారు దగ్గరనున్నచో ఒక పూట వంట ఇంట, ఒక పూట రొట్టె బజారులో అని నియమము పెట్టుకొనవచ్చును. కూరల సంచి యజమానిది, గిన్నెలు కుమార్తెవి అని పంచుకొనవచ్చును. నడకకు అందు పేట ఇల్లాలికి కూడ సెలవు మంజూరు చేయగలదు. కారు ఎక్కి బజారునకు పోవలసిన పేట చేయలేదు.

ఇప్పుడు ఆ ఊరి పక్షమున కొంత చెప్పవలెను. కొండపైని ఊరికి నీరు క్రిందినుండి రావలెను. లోయలలోని వాగుల నీటిని యంత్రములతో ఎంతో ఎత్తునకు ఎక్కించి, కుళాయిలకు వదలుదురు. జనము విహరించు రిడ్జి మైదానము క్రిందనే ఆంగ్లేయుల కాలపు పెద్ద నీటి తొట్టి యున్నదని చాలమందికి తెలియదు. 2018 మే, జూన్ మాసములలో వాగులు ఎండి, కొన్ని పేటలకు దినముల తరబడి నీరు రాలేదు. బిందెలతో బారులు తీరిరి, హైకోర్టు కలుగజేసికొనవలసివచ్చినది, బడులకు కొన్ని దినములు సెలవిచ్చిరి. సరిగా ఆ మాసములలోనే బయటివారు వేలకు వేలు కొండ ఎక్కుదురు. అతిథి స్నానపు బకెట్టు నీరు కొండ ఎక్కి వచ్చినదే. అది లేకున్నచో ఏ గృహస్థునికో చేరవలసినది. కావున ఇల్లు కుదుర్చుకొనునపుడు నీరు ఎన్ని దినములకు ఒకసారి వచ్చును, తొట్టి ఎంతది యని అడుగుట ఒక్క సౌకర్యము కొరకే కాదు. ఆ లెక్కలో ఒదిగి యుండుట కొరకు. నలుబది దినములుండు సంసారము ఆ ఇంటివారి వాడుకను నేర్చుకొనగలదు. ఊరికి అతిథి బరువు కాకుండుటకు ఉన్న మార్గములలో ఇది యొకటి.

వానల సంగతి అంతకన్న గంభీరమైనది. 2023 ఆగస్టు 14న కుండపోతగా కురిసిన వానకు సమ్మర్ హిల్ వాలు జారి, సోమవారపు పూజకు శివాలయములో చేరినవారిపై పడినది. ఇరువదిమంది మరణించిరి. ఆ పేట యొద్దనే రైలుదారి క్రింది కట్ట కొట్టుకొనిపోయి, పట్టాలు గాలిలో వ్రేలాడెను. అందముగల చోటు ప్రమాదము లేని చోటని అర్థము కాదు. ఇందునుండి రెండు నియమములు గ్రహింపవలెను. మే నెల నడుమ ఎక్కి, జూన్ నాలుగవ వారములో, ఋతుపవనములు ముదురకముందే దిగిరావలెను. ఢిల్లీ బడుల సెలవులును ఆ కాలమునకే సరిపోవును. రెండవది, క్రొత్తగా కొండను తొలిచిన వాలు మీద ఎత్తైన స్తంభములపై నిలిపిన మేడలలో అద్దె ఎంత చవుకయైనను దిగరాదు.

ఎన్నిక పద్ధతిని క్లుప్తముగా చెప్పవలెనన్నచో ఇది. పటము చూచి గాని, ఛాయాచిత్రము చూచి గాని ఇల్లు కుదుర్చుకొనరాదు. యజమాని రెండు దినములు ముందుగా పోవలెను. బజారులో ఐదు కిలోల కూరలు కొని, సంచి చేతబట్టుకొని, అనుకొన్న ఇంటికి నడచిరావలెను. మెట్లు లెక్కింపవలెను. నూరడుగులకో ఇన్నూరడుగులకో కూర్చుండ చోటున్నదో లేదో చూడవలెను. సంధ్యవేళ మరల అదే దారిని నడచి, దీపములున్నవో లేవో, కోతులు ఎక్కడ గుమిగూడునో గమనింపవలెను. తన గుండె కొట్టుకొన్నచో తల్లి గుండె ఎంత కొట్టుకొనునో ఊహింపవలెను. ఇంతయు అయిన తరువాత బయానా ఇయ్యవలెను. ప్రయాణపు రాయితీ నాలుగేండ్లకొకసారి దేశములో ఎచ్చటికైనను దారిఖర్చు ఇచ్చును గాని ఇంటి అద్దె ఇయ్యదు గనుక, ఆ అద్దె వ్యర్థము కాకుండ చూచుకొనుట ఎవరికి వారికే చెల్లును.

ఇక ఆ తల్లి సంగతి. కొండగాలికి అలవాటగుటకు మొదటి రెండు దినములు ఇంటనే యుండవలెను. మూడవనాడు కొడుకుతో మలుపు వరకు. వారము గడచునప్పటికి మనుమరాలితో బజారు వరకు. పిట్టగోడ మీద రెండుచోట్ల కూర్చుండుట, లేచుట. పాలవాడు, కూరలామె ముఖపరిచయమగుదురు. హిందీ కొంచెము, సైగలు కొంచెము. మోకాళ్ళ నొప్పి నలుబది దినములలో మాయమగునని ఎవరును హామీ ఇయ్యలేరు, దానికి వైద్యుడున్నాడు. కాని ఇరువదియవ దినముననో ముప్పదియవ దినముననో, ఇంటివారందరు ఇంకను కాఫీ త్రాగుచుండగా, ఆమె చెప్పులు తొడుగుకొని, ఎవరికిని చెప్పకుండ పోయి, అరసేరు పాలు తీసికొని తిరిగివచ్చినచో పేట ఎన్నిక సరియైనదని తెలిసికొనవలెను. సేవాపుస్తకములో 280 నుండి 240 అగును. ఆ నలుబది దినములు ఎక్కడికి పోయినవో లెక్కవ్రాయు గుమాస్తాకు తెలియదు, ఇంటివారికి తెలియును.

చివరగా సంఘమునకు ఒక సూచన. సభ్యులలో ఎందరో సిమ్లాలోను, ముస్సోరీలోను, నైనితాలులోను, ఉదకమండలములోను ఉండివచ్చినవారు కలరు. ఏ పేటలో మెట్లు ఎన్ని, నీరు ఎప్పుడు వచ్చును, వృద్ధులకు ఏ దారి అనుకూలము అను విషయములను సంఘ కార్యాలయములో ఒక పుస్తకమునందు వ్రాసి ఉంచినచో, తరువాత పోవువారికి అది ఎన్నో ప్రకటనలకన్న ఉపకరించును. అద్దెలు ఏటేట మారును, మెట్లు మారవు.

వచ్చు వేసవిలో కొన్ని తెలుగు సంసారములైనను తమ పెద్దవారి అడుగుల కొలతతో విడిది ఎన్నుకొని, సుఖముగా ఎక్కి, క్షేమముగా దిగివచ్చుగాక.